ఏడు చేపల లెక్కన నీమో కథ

కిందటేడాది వేసవిలో ఒడిశా తీరంలో గోపాలపూర్ దగ్గర ఒక మత్స్యకారుల పేటలో ఆరు సాయంత్రాలు పిల్లలకి కథ కట్టడం నేర్పాను. నేర్పడానికే వెళ్లాను గానీ, ఆ ఆరు రోజుల్లో పదేళ్లుగా నేను పట్టుకు తిరుగుతున్న పద్ధతి ఒకటి తల్లకిందులైంది. నాలాగే స్క్రిప్టులతో కుస్తీ పట్టేవాళ్లకీ, పిల్లలతో కూర్చుని సినిమాలు చూసే మాస్టర్లకీ పనికొస్తుందేమోనని రాసి పెడుతున్నాను.

నా పని ఇతరుల స్క్రిప్టులు చదివి కథ ఎక్కడ కుంటుతోందో చెప్పడం. పుట్టి పెరిగింది బరంపురంలో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. అందుకే పేటలో పిల్లలతో పని అనగానే సరేనన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి, బళ్లకి సెలవులు, పిల్లలు దొరుకుతారు. తుఫాను షెల్టరు పై అంతస్తులో గోడకి తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. పది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పదకొండు మంది. వాళ్ల వెనక, పిలవకుండానే రోజూ వచ్చి కూర్చునే ఒక తాత. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగి, మోకాళ్లు పోయాక మానేసిన మనిషి.

అనుకున్న పని ఇదీ: ఒక జంతువుల యానిమేషన్ సినిమా చూసి, దాని కథ ఎలా కట్టారో విప్పి చూసి, ఆ తెలివితో పిల్లలే ఒక చిన్న బొమ్మల సినిమా తీయాలి. నేను ఎంచుకున్నది ‘ఫైండింగ్ నీమో’. పిక్సార్ వాళ్లది, 2003లో వచ్చింది, ఆండ్రూ స్టాంటన్ దర్శకుడు, నిడివి 100 నిమిషాలు. మనుషులు పట్టుకుపోయిన నీమో అనే పిల్ల చేపని తండ్రి చేప వెతుక్కుంటూ పోయే కథ. చేపల కథ కదా, చేపలోళ్ల పిల్లలకి దగ్గరగా ఉంటుందనుకున్నాను. ఎంత అమాయకత్వమంటే, నీమో తెర మీదకి రాగానే వచ్చిన మొదటి ప్రశ్న: “ఈ సేప తింటారా సార్?” తినరన్నాను. “మరెందుకు పట్టినాడు?” అన్నాడు ఆ గుంటడు. అసలు సినిమా కూడా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుందని నాకప్పుడు తట్టలేదు.

మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడక్కడా ఆపి తెలుగులో చెబుతూ వచ్చాను. వంద నిమిషాల సినిమాకి దాదాపు మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది.

రెండో రోజు నా సరంజామా తీశాను. ప్లైవుడ్ బోర్డు, దాని మీద మూడు అంకాల గీతలు, మొదటి మలుపు, నడిమి మలుపు, పతాక సన్నివేశం. సినిమా స్కూళ్లలో చెప్పేదే. పిల్లలకి అట్టముక్కలిచ్చి గుర్తున్న సన్నివేశాలు రాయమన్నాను. వీళ్లు చదివేది ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతారు గానీ రాయడం రాదు. తెలుగు వాక్యాలే ఒడియా అక్షరాల్లో రాశారు. నేను ఒక్కో అట్ట తీసి గట్టిగా చదువుతుంటే ఆ గుండ్రటి అక్షరాల్లోంచి “అయ్య ఏడ్సినాడు” అని తెలుగు ఊడిపడేది. నలభై పైచిలుకు అట్టలు వచ్చాయి. వాటిని బోర్డు మీద మూడు గళ్లలో సర్దమంటే మాత్రం ఆవలింతలు. కథ చెప్పమంటే ఒక్కొక్కరూ “అప్పుడేమో... అప్పుడేమో...” అంటూ పోయారు. అప్పుడేమో సొర వచ్చింది, అప్పుడేమో తాబేలు వచ్చింది. సన్నివేశాలన్నీ ఉన్నాయి, వాటిని కలిపే దారమే లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరికొచ్చే స్క్రిప్టుల్లో సగం ఇలాంటివే. కాకపోతే టైపు చేసి ఉంటాయి.

విసుగొచ్చి, “అసలెందుకు జరిగిందిరా ఇదంతా?” అన్నాను. తమ్ముణ్ణి చంకనేసుకుని కూర్చున్న పదమూడేళ్ల పిల్ల ఒకతి నవ్వుతూ అందుకుంది: “చేపా చేపా, ఎందుకెండలేదు?” మిగతా వాళ్లు తడుముకోకుండా “గడ్డిమోపు అడ్డమొచ్చింది” అన్నారు.

తెలుగింట పుట్టినవాడికి ఈ కథ చెప్పక్కర్లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. గడ్డిమోపూ ఎందుకడ్డమొచ్చావ్? ఆవు మేయలేదు. ఆవూ ఎందుకు మేయలేదు? గొల్లవాడు మేపలేదు. గొల్లవాడా ఎందుకు మేపలేదు? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదంటే పిల్లవాడు ఏడ్చాడు, పిల్లవాడు ఎందుకేడ్చాడంటే చీమ కుట్టింది. చివరికి చీమ: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా? కథ మొత్తం వెనక్కి నడుస్తుంది. ఒక్కొక్కరూ తప్పు పక్కవాడి మీదకి నెడుతూ పోతారు. కానీ ఏ లంకె తీసేసినా కథ అక్కడే తెగిపోతుంది. చిన్నప్పుడు నిద్రపోవడానికి విన్న కథ. దీన్ని పనిముట్టుగా వాడొచ్చని నాకెప్పుడూ తోచలేదు.

బోర్డు గోడకి తిప్పేశాను. అట్టలన్నీ కింద పరిచి, చివరి అట్ట నుంచి మొదలుపెట్టాం.

చివర్లో పెద్ద గొడవ వల దగ్గర. నీలం చేప డోరీ, ఒక పెద్ద చేపల గుంపుతో పాటు వలలో చిక్కుకుంటుంది. “డోరీ డోరీ, వల దగ్గరికి ఎందుకొచ్చావు?” నీమోకి వాళ్లయ్యని చూపిద్దామని వచ్చాను. “అయ్య ఎవరో నీకెట్లా తెలుసు, నువ్వు అన్నీ మర్చిపోతావుగా?” పైపు మీద సిడ్నీ అని చదివాను, గుర్తొచ్చింది. “నీమో నీమో, పైపులోంచి ఎందుకొచ్చావు?” పళ్ల డాక్టరు దగ్గర తప్పించుకుని కాలువలో పడ్డాను. “ఎందుకు తప్పించుకున్నావు?” డాక్టరు మేనకోడలికి నన్ను ఇచ్చేస్తాడు, ఆ పిల్ల సంచీని ఊపి ఊపి చేపల్ని చంపుతుంది. “డాక్టరు తొట్టిలోకి ఎందుకొచ్చావు?” నీళ్లలో దిగినవాడు పట్టుకుపోయాడు. “వాడికి ఎందుకు దొరికావు?” పడవని ముట్టుకుందామని ఒక్కణ్ణే లోతుకి ఈదాను. “ఎందుకు ఈదావు?” అందరి ముందూ నీ వల్ల కాదన్నాడు మా అయ్య. “అయ్యా అయ్యా, ఎందుకన్నావు?”

ఇక్కడ పిల్లలు ఆగారు. తర్వాత ఆ చంకలో తమ్ముడున్న పిల్లే చెప్పింది. బారకూడా అనే పెద్ద చేప వచ్చి నా పెళ్లాన్నీ గుడ్లన్నీ తినేసింది. ఒక్క గుడ్డే మిగిలింది.

అదే చీమ. టైటిల్ పడకముందే కుట్టేసిన చీమ. వల దాకా ఉన్నది ఒకటే దారం, ఎక్కడా ముడి ఊడదు. నేను మూడు అంకాలుగా కోసిన సినిమాని పిల్లలు ఒకే లంకెల గొలుసుగా చూశారు. నా గీతల్లో ఎక్కడా కనపడని ఒక సంగతి ఇందులో కనపడింది. నీమోని పట్టుకుపోయింది డైవరే. కానీ కథ ప్రకారం వాణ్ణి లోతుకి తోసింది తండ్రి భయం. ఏం జరగకూడదని కాపాడాడో, ఆ కాపాడటమే దాన్ని జరిపించింది. సినిమాలో సుమారు పావుగంటకే ఇది తేలిపోతుంది. మిగిలిందంతా తండ్రి ఆ అప్పు తీర్చుకోవడమే.

తండ్రి మార్లిన్ ప్రయాణాన్ని కూడా ఇలాగే ప్రశ్నించాం. అక్కడ దారం కొంచెం వదులు. “జెల్లీ చేపా, ఎందుకడ్డమొచ్చావు?” అంటే మంచి జవాబు ఉంది. లోయ మీద నుంచి పోవద్దు, లోపల నుంచి పొమ్మని దారి చెప్పిన చేపలు డోరీకి చెప్పాయి. డోరీ మాట తండ్రి నమ్మలేదు. తనకు తెలిసిన సుఖమైన దారి అనుకుని పైనుంచి పోయాడు, జెల్లీల మధ్య పడ్డాడు. నమ్మకపోవడమే ఇక్కడా తప్పు. కొడుకు విషయంలో చేసిందే డోరీ విషయంలోనూ చేశాడు. “తిమింగలమా, ఎందుకొచ్చావు?” అంటే మాత్రం సూటిగా జవాబు లేదు, ఎదురుపడింది అంతే. సొరచేపల ఘట్టమూ అంతే. చేపల్ని తినడం మానేద్దామని ఒట్టేసుకున్న సొరలు అక్కడే ఎందుకున్నాయి, డైవర్ ముసుగు వాటి దగ్గరే ఎందుకు పడింది? పిల్లలు ఇలాంటి అట్టల మీద ఒక్కో గులకరాయి పెట్టారు. నా మటుకు నాకు సొరల ఘట్టం నవ్వు కోసమే సాగదీసినట్టుంటుంది. దానితో నాకిప్పటికీ పేచీయే.

తిమింగలం మీద పెట్టిన రాయి మాత్రం నేనే తీయించాను. రావడానికి కారణం లేకపోయినా, అక్కడ జరిగినదానికి ఫలితం ఉంది. తిమింగలం నోట్లో మార్లిన్ కోపంలో డోరీని పట్టుకుని, మొదట్లో నీమోతో అన్న మాటే అంటాడు. అనడమే కాదు, చివర్లో ఆమెని నీమో అని పిలుస్తాడు. నోరు జారింది. తర్వాత తిమింగలం నాలుక మీద వేలాడుతూ, ఏమీ చెడు జరగదని నీకెట్లా తెలుసని డోరీని అడుగుతాడు. తెలీదంటుంది. అప్పుడు పట్టు వదులుతాడు. పిల్లలకి ఇది చెప్పడానికి దృశ్యం రెండుసార్లు తిప్పి చూపించాల్సి వచ్చింది. రెండోసారి తాత వెనక నుంచి “ఊఁ” అన్నాడు. పాత మనుషులు కథ వింటూ ఊ కొడతారు. ఎక్కడ ఊ ఆగితే అక్కడ కథ జారిందని అర్థం. ఆ రోజు నుంచి తాత ఊ కొట్టిన చోటల్లా అట్ట మూల మడిచి పెట్టడం మొదలెట్టాను. ఇంతకంటే నిఖార్సయిన కొలత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మూడో రోజు తాబేళ్ల మీద తగువు. సినిమాలో నూట యాభై ఏళ్ల తాబేలు, దాని చిన్న కొడుకు ప్రవాహంలో కలిసి ఈదుతుంటారు. కొడుకు ప్రవాహం బయటికి జారిపోతే తండ్రి కంగారు పడడు, వాడే వస్తాడులే అని ఆగి చూస్తాడు. మార్లిన్‌కి అదొక పాఠం. “అబద్ధం సార్,” అన్నాడు ఒకడు. “తాబేలుకి అయ్య ఉండడు. అమ్మ కూడా ఉండదు.” వాడు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడికి దగ్గర్లోనే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. పెట్టి, ఇసుక కప్పి, తల్లి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. నెలన్నర తర్వాత పిల్లలు వాటంతటవే ఇసుక తవ్వుకుని రాత్రిపూట సముద్రం వైపు పాకుతాయి. ఈ పిల్లలు అది కళ్లారా చూసినవాళ్లు. పైగా తాబేలంటే వాళ్ల ఇళ్లలో అంత ముద్దేం లేదు. వాటి కోసం రుషికుల్య మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు ట్రాలర్లు వేటాడకూడదు. అయ్యలు ఎవర్ని తిడతారో పిల్లలకి తెలుసు.

ఆ మాటకొస్తే నీమో జాతి అయిన క్లౌన్ చేపల్లో ఆడది చచ్చిపోతే దాని జంట మగదే ఆడదిగా మారుతుంది. ఆ లెక్కన బారకూడా దాడి తర్వాత మార్లిన్ నీమోకి అమ్మ కావాలి. ఇది చెబితే పిల్లలు ఒక గంట నన్ను కథలోకి రానివ్వలేదు. ఇలాంటి సినిమాలో జంతువు దేనికి? మనిషి భయానికి తొడిగిన తొడుగది. జంతువు నిజం కథకి పనికొస్తే వాడతారు, అడ్డమొస్తే వదిలేస్తారు. గుడ్లని మగ క్లౌన్ చేప కాచుకోవడం నిజం, దాన్ని వాడుకున్నారు. తాబేలుకి తండ్రి లేకపోవడం నిజం, దాన్ని పక్కన పెట్టారు.

ఇక వల. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే.

సినిమాలో తండ్రీ కొడుకూ కలిసిపోతారు. సరిగ్గా అప్పుడే వల వచ్చి పడుతుంది. ఒకడు అడిగాడు: “కలిసిపోనారు కదా సార్, ఇంకా సినిమా ఎందుకు?” వెతకడమే కథ అయితే దొరకడంతో అయిపోవాలి. రెండో రోజు నా బోర్డు మీద కూడా కలయికనే పతాక సన్నివేశంగా గుర్తు పెట్టి ఉంచాను. తప్పు. వెనక్కి లెక్క వేస్తే తెలుస్తుంది. చీమ కుట్టింది తండ్రిని. ఆ మంట చల్లారనంత వరకూ కథ అయిపోదు. వలలో చిక్కిన డోరీని విడిపించడానికి నీమో వల లోపలికి పోతానంటాడు. పోనివ్వనంటాడు తండ్రి, మళ్లీ అదే భయం. ఈసారి మాత్రం వదులుతాడు. మొదట్లో వద్దని ఆపితే పోయిన కొడుకు, చివర్లో పొమ్మని పంపితే తిరిగొస్తాడు. ఒకే నిర్ణయం రెండుసార్లు ఎదురొచ్చింది. తిమింగలం నోట్లో జరిగింది మధ్యలో రిహార్సల్.

వల ఎలా తెగుతుందన్నదాని మీద నాకు ముందే భయం. వలలో చేపలన్నీ ఒక్కసారిగా కిందకి ఈదితే బోటు మీది కొయ్య విరిగి వల సముద్రంలో పడిపోతుంది. వలలు అల్లే ఇళ్ల పిల్లలు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తాత అన్నాడు: “నిజమే బాబూ. కవళ్లు గుంపుగా దిగితే వల బరువుకి తెప్ప వొంగిపోద్ది. మేం ఓసారి తాడు కోసేసినాం.” పిల్లలకి తెలిసిన లోకంలో ఆ దృశ్యం పూర్తిగా నమ్మదగ్గది. అయితే తాత మనసు వేరే చోట ఉంది. తాడు కోసేశాక ఆ వల ఖరీదు ఎన్నాళ్లు కట్టారో చెప్పసాగాడు. మా పిల్లల్లో సగం మంది చేపల తరఫున, సగం మంది బోటు తరఫున ఉన్నారు. ఈ చీలిక దర్శకుడు ఊహించి ఉండడు.

ఇంతలో పన్నెండేళ్ల వాడొకడు ఒక అట్ట పట్టుకొచ్చాడు. డాక్టరు చిన్న వలతో నీమోని తొట్టిలోంచి తీయబోతే మిగతా చేపలన్నీ అందులోకే దూకి, కిందకి ఈది, వలని లాగేసే దృశ్యం. “అక్కడ నేర్సుకున్నాడు సార్. అందుకే ఇక్కడ సెప్పినాడు.” పెద్ద వల దగ్గర నీమోకి ఆ ఉపాయం ఆకాశంలోంచి ఊడిపడలేదు. తొట్టిలో నాటిన విత్తనమే అది. తండ్రి ప్రయాణం, కొడుకు తొట్టి జీవితం రెండు వేరు వేరు దారాలుగా సాగి ఈ వల దగ్గర ముడిపడతాయి. కొడుకు తెచ్చిన తెలివి, తండ్రి తెచ్చిన ధైర్యం. రెండిట్లో ఏది లేకపోయినా డోరీ చస్తుంది. ఆ అట్ట చూపించిన పిల్లవాడికి నా జేబులో పెన్ను ఇచ్చేశాను.

నాలుగో రోజు పిల్లలకి ఈ సినిమా తయారీ సంగతి ఒకటి చెప్పాను. స్టాంటన్ మొదట బారకూడా దాడిని ముందు పెట్టలేదు. ముక్కలు ముక్కలుగా గతం గుర్తొచ్చినట్టు సినిమా పొడుగునా చూపించి, అసలు ఏం జరిగిందో చివర్లో తేల్చాలనుకున్నాడు. అంటే ఏడు చేపల కథ లాగే, చీమ చివర్లో. అది కుదరలేదు. కారణం తెలియకుండా చూస్తే మార్లిన్ ఊరికే సణిగే తండ్రిలా కనపడ్డాడు, ఎవరికీ నచ్చలేదు. దాడిని మొదటికి తెచ్చాక అదే సణుగుడు జాలి పుట్టించింది. మాటలు మార్చలేదు, చోటు మార్చారు. నా దగ్గరికొచ్చే రచయితలకి ఇది ఎన్నిసార్లు చెప్పానో! ఏడు చేపల కథలో చీమ చివర్లో ఉన్నా ఎందుకు బాగుంటుందంటే, అక్కడ మనం ఎవరి మీదా జాలి పడాల్సిన పని లేదు. అది నవ్వుల కథ. కారణం వెతికేటప్పుడు వెనక నుంచి, చెప్పేటప్పుడు ముందు నుంచి అని సూత్రం కూడా చెప్పేశాను. దాన్ని మర్నాడే పిల్లలు పడగొట్టారు.

వాళ్ల సొంత కథ మొదట తాబేలు పిల్ల గురించి. సముద్రం వైపు పోవాల్సింది, వెలుతురు చూసి దారి తప్పి ఊళ్లోకి వస్తుంది. ఇది నిజంగా జరిగేదే. ఇసుక మీద పుట్టిన పిల్లలు వెలుగున్న దిక్కుకి పాకుతాయి, ఒడ్డున లైట్లుంటే అటే పోతాయి. కానీ కథగా అది మళ్లీ “అప్పుడేమో” వరసే. తాబేలుకి అయ్యా అమ్మా లేరు కాబట్టి ఎవరికీ ఏ బాధా లేదు. ఎందుకు ఎందుకని వెనక్కి అడుగుతూ పోతే ఊరి కుక్క దగ్గర ఆగింది. గుడ్లు తవ్వి తినే కుక్కలు వాళ్లకి తెలుసు. అయితే ఈ కుక్క తినదు. ఇసుక మీద సముద్రం వైపు పోతున్న ప్రతి తాబేలు పిల్లనీ నోట కరుచుకుని వెనక్కి తెచ్చి ఊళ్లో పెడుతుంది. ఎందుకు? దాని పిల్లల్ని తుఫానులో సముద్రం తీసుకుపోయింది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. ఈ పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు, పుట్టినవాళ్లు పాలు తాగే పసికందులు. అయినా తుఫాను అనగానే ఎవరికీ వివరం అక్కర్లేదు. మేం కూర్చున్నది తుఫాను షెల్టర్లో.

ఇది నీమో ఎముకే, మాంసం వేరు. కాపీ కాదా అని పిల్లలే అడిగారు. కాపీయేనన్నాను, నేర్చుకునే రోజుల్లో పర్వాలేదన్నాను. అసలు తగువు తుఫాను ఎక్కడ పెట్టాలన్నది. నేను సహజంగా ముందు అన్నాను. వాళ్లు రెండు రకాలుగానూ చెప్పి చూద్దామన్నారు. సాయంత్రం కొళాయి దగ్గర అమ్మలకి కథ చెప్పారు. తుఫానుతో మొదలుపెట్టి చెప్పినప్పుడు ఒక్కరూ నవ్వలేదు, మధ్యలోనే ఇద్దరు బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. ఇంకో గుంపుకి తుఫాను చివర్లో పెట్టి చెప్పారు. కుక్క తాబేళ్లని మోసుకొస్తుంటే విరగబడి నవ్వారు, చివర్లో చప్పుడు లేదు. ఒకావిడ కొళాయి కట్టడం మర్చిపోయింది.

నా సూత్రం ఏమైంది? నాకు తోచింది ఇది. వంద నిమిషాల పాటు కారణం తెలియని సణుగుడు భరించడం కష్టం. నిమిషంన్నర కథలో విసుగు పేరుకోవడానికి సమయమే లేదు. ఇంకోటి, ఆ అమ్మలకి సముద్రం పిల్లల్ని తీసుకుపోతుందని ఎవరూ ముందుగా చెప్పక్కర్లేదు. ముందే చెబితే గాయం మీద వేలు పెట్టినట్టుంది. పుట్టలో వేలు.

చివరికి పిల్లలు ఒప్పుకున్నది మూడో దారి. తుఫాను అసలు చూపించరు. మొదటి దృశ్యంలో కుక్క ఒక పాత గోనెసంచి చుట్టూ ముడుచుకుని పడుకుని ఉంటుంది, మధ్యలో ఖాళీ. అంతే.

వలకి వాడే నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, ఇసుకతో బొమ్మలు వేస్తూ, పైనుంచి ఫోనుతో ఒక్కో ఫొటో తీస్తూ సినిమా కట్టాం. సెకనుకి 6 ఫొటోల చొప్పున 96 సెకన్లకి 576. ఇసుక తడిగా ఉంటేనే గీత నిలుస్తుందని, ఎండితే కుక్క చెవులు కూలిపోతాయని మొదటి గంటలోనే తెలిసింది. ఒకడి పనల్లా మగ్గుతో నీళ్లు చిలకరించడం. నిజం కుక్క ఒకటి వచ్చి ఒకసారి ఇసుక కుక్కని తొక్కి పోయింది. ఆ నలభై ఫొటోలు మళ్లీ తీశాం.

ఆరో రోజు రాత్రి తెల్ల దుప్పటి మీద వేశాం. పేట సగం వచ్చింది. తాత ఎప్పటిలాగే వెనక కూర్చున్నాడు. గోనెసంచి, దాని చుట్టూ ముడుచుకున్న కుక్క, మధ్యలో నల్లటి పట్టా తప్ప ఏమీ లేదు. ఎనిమిదో సెకను దగ్గర తాత గట్టిగానే అడిగాడు: “దీని పిల్లలేవిరా?”

ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంకా 88 సెకన్లుంది.